అధ్యక్షా, నాదొక అనుబంధ ప్రశ్న



మా బడిలో మాక్ అసెంబ్లీ పెట్టాలనుకుంటున్నాం, ఎలా చేస్తే బాగుంటుందో రాయండి అని మీలో కొందరు సోషల్ మాస్టార్లు, టీచరమ్మలు అడుగుతూ వస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు అందరికీ కలిపి ఈ నెల ఉత్తరం రాస్తున్నాను. టీచర్లు కానివాళ్ళు కూడా పేజీ తిప్పేయకండి. ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లో, పిల్లవాడో ఉంటే ఇది మీకు కూడా రాసిన ఉత్తరమే.

2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థుల మాక్ అసెంబ్లీ జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో నియోజకవర్గాలు 175. ఆ రోజు సభలో కూర్చున్న పిల్లలూ 175 మంది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, విద్యాశాఖ మంత్రి లోకేశ్ చూస్తూ కూర్చుంటే పిల్లలు సభ నడిపారు. చాలామంది టీవీలో చూసే ఉంటారు. అంతకుముందు 2021 నవంబరు 14న రాజస్థాన్ శాసనసభలో పిల్లలతో సమావేశం జరిపారు. 2023 జూన్ 12న హిమాచల్ ప్రదేశ్‌లో జరిగిన బాలల సమావేశానికి 68 మందిని ఎంపిక చేశారు. ఆ రాష్ట్ర శాసనసభ స్థానాలు కూడా 68. ఢిల్లీ వైపు చూస్తే ఇది ఇంకా పాత సంగతి. యువజన పార్లమెంటు పోటీలు 1966లో అక్కడి బళ్ళలో మొదలై, తర్వాత కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయ విద్యాలయాలకు, విశ్వవిద్యాలయాలకు పాకాయి. నవోదయలో చదివిన మన పాఠకులకు ఆ రిహార్సల్సు గుర్తుండకుండా ఉండవు.

ఇంతకాలం పార్లమెంటు ఆడిన పిల్లలు ఇప్పుడు శాసనసభ ఆడుతున్నారన్నది నాకు నిజంగా సంతోషం కలిగించే మాట. ఎందుకంటే మన పిల్లలకు ప్రధాని ఏం చేస్తారో కొంత తెలుసు, సర్పంచ్ ఏం చేస్తారో కొంత తెలుసు. మధ్యలో ఉన్న రాష్ట్ర ప్రభుత్వం ఏం చేస్తుందో అడిగితే పథకాల పేర్లు చెబుతారు, అక్కడితో ఆగిపోతారు. పోలీస్ స్టేషన్, సర్కారు ఆస్పత్రి, పొలం కాగితాలు, ఊరి చెరువు, సంత, చేపల వేట, ఇవన్నీ రాజ్యాంగం రాష్ట్ర జాబితాలో పెట్టిన విషయాలు. పిల్లవాడు పొద్దున లేచిన దగ్గర్నుంచి వాడికి తగిలే ప్రభుత్వంలో ఎక్కువ పాలు రాష్ట్ర ప్రభుత్వమే.

అందుకని మాక్ అసెంబ్లీకి ముందు ఒక పూట ఏడో షెడ్యూలుకు కేటాయించండి. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని పుస్తకంలో బట్టీ పట్టించే పాఠమే అది. కాని సభలో కూర్చోబోయే పిల్లలకు ఆ పాఠం వేరేగా వినిపిస్తుంది. ఏ చట్టం చేద్దామని అడిగి చూడండి. మా ఊళ్ళో రైలు ఆపాలంటారు. అది మన సభ చేతిలో లేదు, రైల్వేలు కేంద్రానివి. పెట్రోలు ధర తగ్గించాలంటారు. ఇక్కడ ఆగి మాట్లాడాలి. లీటరు మీద కేంద్రం వేసే ఎక్సైజ్ సుంకం మన చేతిలో లేదు. రాష్ట్రం వేసే వ్యాట్ మన చేతిలోనే ఉంది, ఎందుకంటే పెట్రోలు ఇంకా జీఎస్టీ కిందకి రాలేదు. పిల్లలు సెల్‌ఫోన్లు వాడకుండా చట్టం చేద్దామంటారు. టెలిఫోన్లు కేంద్ర జాబితాలో ఉన్నాయి. చదువు మాత్రం 42వ సవరణతో 1976లో రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి వెళ్ళింది. కాబట్టి బడి ఆవరణలో ఫోను సంగతి మనం మాట్లాడుకోవచ్చు, సెల్ టవరు సంగతి మాట్లాడటానికి లేదు. ఈ ఒక్క గంటలో పిల్లలు ఫెడరల్ వ్యవస్థ గురించి నేర్చుకునేది, నాలుగు మార్కుల ప్రశ్నకు రాసే జవాబులో దొరకదు.

ఇప్పుడు అసలు సంగతి. నేను చూసిన మాక్ అసెంబ్లీల్లో ఎక్కువ భాగం నాటకాలు. టీచరుగారే సంభాషణలు రాసిస్తారు. ముఖ్యమంత్రి పాత్ర గొంతు బాగున్న పిల్లవాడికి, స్పీకర్ పాత్ర ఫస్టు వచ్చే అమ్మాయికి. ప్రతిపక్షం వాళ్ళు ఒక చోట లేచి కాగితాలు ఊపాలి, ఒక చోట పోడియం దగ్గరికి రావాలి, ఒక చోట వాకౌట్ చేయాలి. అన్నీ రాసే ఉంటాయి. పిల్లలు అద్భుతంగా చేస్తారు, ముఖ్య అతిథి చప్పట్లు కొడతారు. తర్వాత ఆ ప్రతిపక్ష నేతను పక్కకు పిలిచి, నాన్నా, నువ్వు వాకౌట్ ఎందుకు చేశావు అని అడిగితే, స్క్రిప్టులో అలా ఉందండీ అంటాడు. ఆ పిల్లవాడి తప్పు ఏమీ లేదు. మనం వాడికి పాత్ర ఇచ్చాం, పని ఇవ్వలేదు.

సభ్యులకు ఉండే పనుల్లో పిల్లలకు అన్నిటికన్నా బాగా అబ్బేది ప్రశ్న వేయడం. కాబట్టి నా మాట వింటే, మాక్ అసెంబ్లీలో సగం సమయం ప్రశ్నోత్తరాలకే ఇవ్వండి.

మన శాసనసభలో ప్రశ్న వేయడానికి ఒక పద్ధతి ఉంది. ముందుగా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫలానా శాఖ మంత్రిగారు ఈ క్రింది విషయములు దయతో తెలియజేయుదురా అని మొదలుపెట్టి, ఫలానాది వాస్తవమేనా, అయితే అందుకు కారణములేమి, ప్రభుత్వము తీసుకొనుచున్న చర్యలేమి అని వరసగా అడగాలి. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిమీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు జవాబు కాగితం మీద వస్తుంది. పాతకాలపు వాక్యాలని పిల్లలు నవ్వుకోవచ్చు. నవ్వుకోనివ్వండి. కాని ఆ అచ్చులో పోసి చూస్తే ఒక గొడవ ఎలా ప్రశ్న అవుతుందో వాళ్ళకే తెలుస్తుంది.

పిల్లలు మొదట తెచ్చేది గొడవే. మా ఊరికి బస్సు రావట్లేదు. సరే, ఏ బస్సు? ఎన్ని గంటలది? ఎప్పటినుంచి రావట్లేదు? అంతకుముందు ఎంతమంది ఎక్కేవాళ్ళు? ఆపేసినట్టు కాగితం ఏమైనా ఉందా, లేక డ్రైవరు సెలవు పెట్టిన రోజులనే మనం ఆపేశారంటున్నామా? ఒక్కో మెట్టు దిగుతూ పోతే చివరికి వాస్తవమేనా అని అడగదగిన ఒక వాక్యం దొరుకుతుంది. దానికి పిల్లవాడు బస్టాపు దగ్గర నిలబడి లెక్క రాసుకోవాలి, అవ్వల్ని అడగాలి, కండక్టర్ని అడగాలి. ఒక్క ప్రశ్న సిద్ధం కావడానికి వారం పట్టవచ్చు. పట్టనివ్వండి.

మంత్రి పాత్రకు ఎవర్ని పెట్టాలని అడిగారు కొందరు. కష్టపడి తిరిగే పిల్లల్ని పెట్టండి. మంత్రి పని ప్రశ్న వేసేవాళ్ళ పనికన్నా కష్టం. రవాణా మంత్రి అయిన అమ్మాయి డిపోకు వెళ్ళి మేనేజరుగారిని కలవాలి. ఆరోగ్య మంత్రి అయిన అబ్బాయి పీహెచ్‌సీకి వెళ్ళి డాక్టరు ఖాళీలు ఎన్నో కనుక్కోవాలి. పంచాయతీ కార్యాలయం, సచివాలయం, మండల విద్యాధికారి, వీళ్ళ దగ్గరికి వెళ్ళడానికి హెడ్మాస్టరుగారు ఒక ఉత్తరం రాసిస్తే చాలు. నాకు తెలిసినంతలో పిల్లలు వచ్చి అడిగితే అధికారులు కసురుకోరు. పెద్దవాళ్ళకు చెప్పనిది కూడా కాస్త ఎక్కువే చెబుతారు. తిరిగి వచ్చిన పిల్లలకు మరొకటి కూడా అర్థమవుతుంది. మంత్రి ఒక శాఖ మొత్తానికి సభ ముందు జవాబుదారీ. డిపోలో బస్సు చెడిపోతే సభలో లేచి నిలబడి చెప్పాల్సింది మంత్రే.

ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇలాంటి ప్రశ్నోత్తరాలు కూర్చుని చూశాను. బాలికల మరుగుదొడ్లకు నీళ్ళు రాకపోవడం మీద ఎనిమిదో తరగతి అమ్మాయి ప్రశ్న. మంత్రి అయిన అబ్బాయి, విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉంది అధ్యక్షా, అని కూర్చున్నాడు. టీవీలో విన్న మాటే, చక్కగా పలికాడు. అమ్మాయి వెంటనే లేచింది. అధ్యక్షా, నాదొక అనుబంధ ప్రశ్న: ఎవరి పరిశీలనలో ఉంది, ఏ తేదీ నుంచి ఉంది? హాలంతా నిశ్శబ్దం. అబ్బాయికి జవాబు తెలియదు. స్పీకర్ కుర్చీలో ఉన్న పిల్ల కొంచెం ఆలోచించి, మంత్రిగారు వివరాలు తెప్పించుకుని రేపు సభ ముందు పెట్టాలని ఆదేశించింది. ఆ సంభాషణ ఎవరూ రాసివ్వలేదు. మర్నాడు ఆ అబ్బాయి నిజంగానే వెళ్ళి, మోటారు ఎప్పుడు పాడైందో, బాగుచేయించమని బడి ఎప్పుడు రాసిందో, ఆ కాగితం ఎక్కడ ఆగిందో రాసుకుని వచ్చాడు. శాసనసభ దేనికి ఉందని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే: ఆ కాగితం ఎక్కడ ఆగిందో నలుగురి ముందు అడగడానికి.

ఇక బిల్లు. అమెరికాలో ఉంటున్న మన పాఠకులకు ఇది తెలిసిన విషయం కావచ్చు. అక్కడ అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంస్థ 1935లో ఇల్లినాయ్ రాష్ట్రంలో బాయ్స్ స్టేట్ అనే మాక్ ప్రభుత్వ శిబిరం మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాదే, 1936లో, న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో వైఎంసీఏ యువజన శాసనసభ మొదలైంది. తర్వాత అది మిగతా రాష్ట్రాలకు వ్యాపించింది. అందులో నాకు బాగా నచ్చిన సంగతి, హైస్కూలు పిల్లలు తమ రాష్ట్రం కోసం తామే బిల్లులు రాసుకుని, చాలా చోట్ల అసలు శాసనసభ భవనంలోనే కూర్చుని వాటిమీద వాదించుకోవడం. తమ రాష్ట్రం కోసం అన్నది గమనించండి.

మన పిల్లలూ రాయగలరు. చెరువును తీసుకోండి. నీళ్ళు, భూమి రాష్ట్ర జాబితాలోవి కాబట్టి అధికారం గురించి పేచీ లేదు. చెరువుల రక్షణ బిల్లు అని పేరు పెట్టండి. మొదటి క్లాజు ఏ తరగతిలోనైనా ఇలాగే వస్తుంది: చెరువులో చెత్త వేసినవారికి 500 రూపాయల జరిమానా. అక్కడ ఆపి అడగండి, చెత్త అంటే ఏమిటి? ప్లాస్టిక్కు, కోళ్ళ వ్యర్థాలు అంటారు. మరి వినాయక చవితికి కలిపే బొమ్మలు? బతుకమ్మ పూలు? గౌరమ్మను కలపడం చెత్త వేయడమా అని ఒక పిల్ల కోపంగా లేస్తుంది. పూలు కుళ్ళిపోతాయి, రంగు కుళ్ళదు అని ఇంకొకరంటారు. మట్టి బొమ్మైతే? పశువుల్ని కడగడం? బట్టలుతకడం? చాకలి వాళ్ళ బతుకుతెరువు ఆపే హక్కు మనకుందా? ఇంతసేపూ ఒక్క మాట నిర్వచనం కోసం కొట్లాడుతున్నారు, అసలు చట్టం చేసేవాళ్ళు చేసే పని కూడా ఇదే. నిర్వచనాల క్లాజు కుదిరాక, జరిమానా ఎవరు వసూలు చేయాలి, ఆ డబ్బు ఎవరికి పోవాలి, కట్టనన్నవాడు ఎవరి దగ్గర మొర పెట్టుకోవాలి, ఒక్కొక్క సవరణ పెట్టించండి. అంతా అయ్యాక, ఉమ్మడి రాష్ట్రంలో 2002లో చేసిన నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అని పిలుచుకునేది, తెచ్చి చూపించండి. తమ బిల్లు దానికి ఎంత దగ్గరగా వచ్చిందో, ఎక్కడ తప్పిపోయిందో వాళ్ళే వెతుక్కుంటారు.

ఓటింగ్ దగ్గర ఒక మాట. మూజువాణి ఓటు పెడితే గొంతు పెద్దగా ఉన్న బెంచీ గెలుస్తుంది, అది మీకూ తెలుసు. అందుకని ఎవరో ఒకరు లేచి డివిజన్ కోరాలని ముందే నేర్పండి. తలలు లెక్కపెట్టించండి. ఓట్లు సమానమైతేనే స్పీకర్ ఓటు వేస్తారు, అంతవరకు వేయరు. రాజ్యాంగం 189వ అధికరణం చెప్పేది అదే. సభ సాగడానికి ఉండాల్సిన కనీస హాజరు, అంటే కోరం, కూడా అక్కడే ఉంది: సభ్యుల్లో పదో వంతు, లేదా పది మంది, రెండిట్లో ఏది ఎక్కువైతే అది.

ఇంకో ప్రయోగం చేసి చూడండి, ఇది నాకు చాలా ఇష్టమైనది. ఒకే బిల్లు మీద రెండుసార్లు ఓటు పెట్టండి. మొదటిసారి విప్ జారీ చేసి, పార్టీ చెప్పినట్టే ఓటు వేయాలనండి. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, పిల్లలకు అప్పుడు చెప్పండి: విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోవచ్చు. రెండోసారి విప్ లేకుండా, ఎవరికి తోచినట్టు వాళ్ళను ఓటు వేయమనండి. రెండు లెక్కలూ బోర్డు మీద పక్కపక్కన రాయండి. తేడా ఉంటే ఎందుకుందో, విప్ ఉండాలో వద్దో పిల్లలనే మాట్లాడనివ్వండి. మీరేమీ చెప్పకండి. ఆ చర్చలో రెండు వైపులా న్యాయం ఉంది, పిల్లలు దాన్ని పట్టుకుంటారు.

బడ్జెట్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 2025-26కు ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ దాదాపు 3.22 లక్షల కోట్లు, తెలంగాణది దాదాపు 3.05 లక్షల కోట్లు. ఈ అంకెలు పెద్దవాళ్ళకే అందవు. తరగతికి నూరు రూపాయలిచ్చి, జీతాలు, పింఛన్లు, పాత అప్పుల మీద వడ్డీ ముందు తీసి పక్కన పెట్టమనండి. మిగిలినదాన్ని శాఖల పద్దుల కింద పంచమనండి. ఒక పద్దు మీద నచ్చని సభ్యుడు కోత తీర్మానం ఎలా పెడతాడో, చివర్లో ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదం పొందకపోతే ఖజానా నుంచి పైసా ఎందుకు కదలదో చెప్పండి. అంతవరకు చాలు.

మన రెండు రాష్ట్రాల పిల్లలకు మరో సౌకర్యం ఉంది. దేశంలో శాసనమండలి ఉన్న రాష్ట్రాలు ఆరే, అందులో రెండు మనవి. ఎనిమిదో తరగతిని మండలిగా కూర్చోబెట్టండి. మామూలు బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్ళీ పంపితే ఒక నెల ఆపగలదు. ద్రవ్య బిల్లునైతే పద్నాలుగు రోజులే. ఇది పుస్తకంలో చదివితే నిద్రొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మండలిని 1985లో రద్దు చేసి, 2007లో మళ్ళీ తెచ్చి, 2020 జనవరిలో మళ్ళీ రద్దు చేయమని శాసనసభ తీర్మానించి, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుందని కథగా చెప్పండి, నిద్ర రాదు. ఉపాధ్యాయ నియోజకవర్గం గురించి కూడా చెప్పండి. తమ సోషల్ మాస్టారు ఎమ్మెల్సీకి ఓటు వేస్తారని తెలిస్తే పిల్లలు ఆయన్ని ఊపిరాడకుండా ప్రశ్నలడుగుతారు.

కొన్ని చిన్న సూచనలు. మంత్రుల సంఖ్య సభలో పదిహేను శాతం దాటకూడదని 2003లో 91వ సవరణ తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26, తెలంగాణలో 18. నలభై మంది తరగతిలో అదే లెక్క వేస్తే ఆరుగురే. అందరూ మంత్రులు కావాలని ఏడిస్తే ఈ లెక్క చూపించండి. మహిళలకు మూడో వంతు స్థానాలు ఇవ్వాలని 2023లో 106వ సవరణ వచ్చింది; అది అమలు కావడానికి నియోజకవర్గాల పునర్విభజన జరగాలి. తరగతి గది సభకు ఆ అడ్డు లేదు, సగం స్థానాలు ఆడపిల్లలకు ఇవ్వండి. మాట్లాడటానికి భయపడే పిల్లలకు కార్యదర్శి పని, జరిగింది జరిగినట్టు రాసే రిపోర్టర్ల పని అప్పగించండి. ఆ రాతను అచ్చు తీసి బడి గ్రంథాలయంలో పెట్టండి. వచ్చే ఏడాది పిల్లలు దాన్ని తిరగేసి, నిరుడు మంత్రిగారు ఇచ్చిన హామీ ఏమైందని అడగాలి. అసలు శాసనసభలో హామీల సంఘం చేసే పని ఇదే.

అరుపులు, కాగితాలు చింపడం, మైకు లాక్కోవడం నేర్పవద్దు. అది టీవీ చూసి వాళ్ళే నేర్చుకుని వస్తారు. అలా చేసిన సభ్యుణ్ణి స్పీకర్ ఒకసారి హెచ్చరించాలి, రెండోసారి పేరు చెప్పి బయటికి పంపాలి. కాని నిరసనగా వాకౌట్ చేసే హక్కు మాత్రం ఉంచండి. వెళ్ళేముందు ఎందుకు వెళ్తున్నారో ఒక్క నిమిషంలో చెప్పి వెళ్ళాలన్న నియమం పెడితే చాలు. కారణం చెప్పలేనివాళ్ళు కూర్చుండిపోతారు.

ఎమ్మెల్యేగారిని ముఖ్య అతిథిగా పిలుస్తారు కదా. వేదిక మీద కుర్చీ వేసి శాలువా కప్పేకంటే, పిల్లలు సిద్ధం చేసిన ప్రశ్నల్లో మంచివి రెండు ఆయన చేతిలో పెట్టి, వచ్చే సమావేశాల్లో సభలో అడగమనండి. సభలో ప్రశ్న వేసే అధికారం ఆయనకుంది. అడిగితే ఆ జవాబు కాగితం తెచ్చి పిల్లలకు చదివి వినిపించండి.

మీకు నాది ఒక్క విన్నపం. ఈసారి మీ బడిలో మాక్ అసెంబ్లీ జరిగితే ఫొటోలు పంపకపోయినా ఫరవాలేదు. పిల్లలు రాసిన ప్రశ్నలు పంపండి, పిల్లల చేతిరాతలోనే, తప్పులు దిద్దకుండా. ఏ శాఖకు వేశారో, జవాబు వచ్చిందో రాలేదో కింద రాయండి. వాటికి మన పత్రికలో రెండు పేజీలు ఉంచుతాను.

మీ ఉత్తరాల కోసం చూస్తుంటాను.

ఇట్లు,
మీ సంపాదకురాలు